అమృతమ్మ ఉడకబెట్టిన పెంకాసులు

అమృతమ్మకు మొక్కలంటే గిట్టదు. ఈ మాట ముందే చెప్పుకోవడం మంచిది. లేకపోతే ఆమె చేసిన పనంతా ఏదో తీరుబడిగా, సరదాకు చేసినట్టు కనిపిస్తుంది. సిద్దిపేటలో బస్ డిపో వెనక వాడలో ఉన్న ఆ ఇంట్లో మొక్కల పిచ్చి అంతా ఆమె భర్త రాజమల్లయ్యది. ఆయన ఆర్టీసీ డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. కోహెడ, హుస్నాబాద్, ఎక్కడికి బండి తోలితే అక్కడ ఎవరి ఇంటి ముందో ఒక మంచి మొక్క కనబడేది. ఆయన అడిగేవాడు, వాళ్లు ఒక కొమ్మ తుంచి ఇచ్చేవాళ్లు. డ్యూటీ దిగి ఇంటికొచ్చాక అమృతమ్మ టిఫిన్ డబ్బా కడుగుదామని మూత తీస్తే లోపల తడిగుడ్డలో చుట్టిన కొమ్మ ఉండేది. కాపురానికి వచ్చిన కొత్తలో మురిసిపోయింది కానీ, పాతికేళ్ల పాటు రోజూ డబ్బాలో చెత్త వస్తుంటే ఎవరు మురుస్తారు?

పైగా ఆమె పని అలాంటిది. ముందుగదిలో మిషన్ పెట్టుకొని చీరలకు ఫాల్ కుట్టి, పీకో చేసేది. పట్టుచీరకు ఫాల్ కుట్టాలంటే ఆ వాడలో అందరూ ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు. కుట్టు పడినట్టే తెలియకూడదు, దారం ఎక్కడా లాగకూడదు. అలాంటి చీరలు ఒడిలో పెట్టుకొని కూర్చునే మనిషి చుట్టూ కుండీలు, ఆ కుండీల్లోంచి నేలమీదికి కారే బురదనీళ్లు, వాటి చుట్టూ మూగే చిన్న చిన్న నల్లదోమలు. అమృతమ్మ ఒంటికాలి మీద లేచేది.

“ఇది ఇల్లా, అడవా? పామొచ్చి పన్నా తెల్వదు.”

“పామొస్తే టికెటు కొట్టి తర్వాతి స్టేజీల దించేద్దాం తియ్యే,” అనేవాడు రాజమల్లయ్య. ఆ మనిషితో పోట్లాడి గెలిచినవాళ్లు లేరు.

తర్వాత ఆయన కిడ్నీలు రెండూ పాడయ్యాయి. కొన్నేళ్లు డయాలసిస్ మీద నడిచింది. దవాఖానకు పోవడం, నీరసంగా ఇంటికి రావడం, హాల్లో కుర్చీలో వెనక్కి వాలి కూర్చోవడం. ఆ కుర్చీ వెనక గోడంతా ఒక మనీప్లాంటు పాకి ఉండేది. కిటికీ చుట్టూ తిరిగి, గడియారం మీదుగా వెళ్లి, తలుపు నెత్తిమీద కూర్చుంది. దానికి కొత్త ఆకు వచ్చిందంటే ఆయన ముఖంలో కాస్త వెలుగు వచ్చేది. అమృతమ్మ తిట్టడం మానలేదు, కానీ ఆయన లేవలేని రోజుల్లో అన్ని కుండీలకు నీళ్లు పోసింది ఆమే. తిడుతూనే పోసింది.

చివరికి హైదరాబాదు నుంచి ఫోన్ వచ్చింది. రోడ్డు ప్రమాదంలో పోయిన ఎవరో మనిషి కిడ్నీని ఆ ఇంటివాళ్లు అంత ఏడుపులోనూ దానం చేశారు. వాళ్లెవరో అమృతమ్మకు ఇప్పటికీ తెలియదు. తెలియకపోయినా పొద్దున దీపం పెట్టినప్పుడు వాళ్లకోసం ఒక దండం పెడుతుంది. ఆపరేషన్ బాగానే జరిగింది. ఇంటికి పంపేముందు డాక్టరు ఆమెను కూర్చోబెట్టి జాగ్రత్తలన్నీ చెప్పాడు.

“కొత్త కిడ్నీని ఒళ్లు తోసెయ్యకుండా మందులిస్తున్నాం అమ్మా. ఆ మందులు రోగాలతో కొట్లాడే బలాన్ని కూడా తగ్గిస్తాయి. మట్టిలో కంటికి కనపడని బూజు ఉంటుంది. మీకూ నాకూ దానితో ఏమీ కాదు. ఆయన ఊపిరితిత్తుల్లోకి పోతే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. ఇంట్లో ఒక్క మట్టికుండీ కూడా ఉండొద్దు.”

అమృతమ్మ ఒక్కతే బస్సెక్కి ముందుగా ఇంటికి వచ్చింది. పక్కింటి పోచవ్వను సాయం పిలుచుకొని కుండీలన్నీ మిద్దె మీదికి ఎక్కించింది. మనీప్లాంటు తీగను గోడ మీంచి జాగ్రత్తగా విడదీసి, చుట్టలు చుట్టి, దాన్నీ మోసింది. ఇల్లంతా ఫినాయిల్ పోసి కడిగింది. ఎన్నో ఏళ్లుగా ఆమె ఎలాంటి ఇల్లు కావాలని పోరు పెట్టిందో సరిగ్గా అలాంటి ఇల్లే తయారైంది. చీపురు మూలకు పెట్టి హాలు మధ్యలో నిలబడి చూసుకుంటే ఆమెకేమీ సంతోషం కలగలేదు.

రాజమల్లయ్య వచ్చాడు. గోడవైపు చూశాడు. తీగ పట్టుకున్న చోటల్లా సున్నం మీద సన్నటి గోధుమ రంగు గీతలు మిగిలాయి. ఆ రోజు నుంచి ఆయన మాట్లాడడమే తగ్గించేశాడు. పళ్లెంలో అన్నం సగం అలాగే ఉండిపోయేది. గోలీలు వేళకు ఆమె చేతిలో పెడితే వేసుకునేవాడు, లేకపోతే లేదు. మనిషి బాగుపడ్డాడని చూడ్డానికి వచ్చినవాళ్లు, కిటికీ బయట నిలబడి నాలుగు మాటలు మాట్లాడి, ఇంతకుముందే నయం అనుకుంటూ పోయేవాళ్లు.

ఒక మధ్యాహ్నం అమృతమ్మ మిషన్ ఆపి చూస్తే కుర్చీ ఖాళీగా ఉంది. స్నానాలగదిలో లేడు. వాకిట్లో లేడు. మిద్దె మెట్లు ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు. పైన రాజమల్లయ్య కుండీల మధ్య గొంతుక్కూర్చొని ఉన్నాడు. మాస్కు గడ్డం కిందికి జారి ఉంది. మణికట్ల దాకా చేతులు మట్టిలో ఉన్నాయి.

“ఏమయ్యా! ఏం జేస్తున్నవయ్యా నువ్వు?”

“గింత మన్నుకు ఏమైతదే?” అన్నాడు ఆయన, తల ఎత్తకుండానే.

“డాక్టరు చెప్పలేదా? నీకు చెప్పలేదా?”

“చెప్పిండు. మన్ను ముట్టద్దు. మనుషుల్ల తిరగద్దు. బయట తినద్దు. గిన్ని వద్దుల నడుమ బతికి ఏం జెయ్యాలె అమృతా?”

ఆమె ఆయన్ని కిందికి తెచ్చి మోచేతుల దాకా సబ్బుతో కడిగింది. గోళ్ల సందుల్లోంచి మట్టి తీసింది. మట్టిలో బూజు సంగతి అలా ఉంచండి, ఆ మాట ఆమెను ఎక్కువ భయపెట్టింది. డయాలసిస్ చేయించుకున్నన్నాళ్లు బతకాలని ఆశపడ్డ మనిషి, ఇప్పుడు కిడ్నీ వచ్చాక బతికి ఏం చెయ్యాలంటున్నాడు. మొక్కలు ఎవరికైనా ఇచ్చేస్తే ఈ మాట ఇంకా బలపడుతుంది. పైన ఉంచితే ఆయన మళ్లీ ఎక్కుతాడు. మిద్దె తలుపుకు తాళం వేసి చూసింది. ఆయన తాళంచెవి అడగలేదు కానీ ఆ తాళంవైపే చూస్తూ కూర్చునేవాడు. ఎవరినైనా కట్టేసి బతికించడం ఎలా?

హైదరాబాదులో ఉద్యోగం చేసే కూతురు సింధుజకు ఫోన్ చేసింది.

“మన్ను లేకుంట మొక్క బతుకుతదా బిడ్డా?”

సింధుజ నవ్వుతుందనుకుంది. నవ్వలేదు. “బతుకుతదమ్మా. నేను వీడియోలు పంపుత, సూడు,” అంది. ఆ వీడియోల్లో ఎవరో మొక్కను కుండీలోంచి పెరికి, వేళ్లకున్న మట్టంతా కడిగేసి, కాల్చిన మట్టిగోలీల మధ్య నిలబెడుతున్నారు. అడుగున కాసిని నీళ్లు. గోలీలు ఆ నీళ్లను పీల్చి పైకి చేరుస్తాయి, వేళ్లు ఆ తేమకోసం కిందికి దిగుతాయి. తిండికోసం నీళ్లలో ఒక చుక్క మందు. అంతే.

అమృతమ్మ సగం నమ్మింది. మిగతా సగానికి డాక్టరుకు ఫోన్ చేసింది. “కాల్చిన మట్టి గూడ మట్టే గద సారూ?”

“కాల్చిన పెంకు రాయితో సమానం అమ్మా. కానీ వేళ్లకు నలుసంత మట్టి కూడా మిగలొద్దు. నీళ్లు కుళ్లి వాసన రావొద్దు. ముందు బయట పెంచండి. నిలదొక్కుకున్నాక ఫొటో పంపండి, అప్పుడు చెప్తాను,” అన్నాడాయన. ఇంతకంటే మంచి మాట ఆమె చాలాకాలంగా వినలేదు.

సింధుజ పంపిన మట్టిగోలీల సంచి ఒక సీసాకే సరిపోయింది. మొక్కలేమో మిద్దె నిండా ఉన్నాయి. అమృతమ్మ ఆ గోలీని వేళ్ల మధ్య నలిపి చూసింది, నాలిక మీద పెట్టి చూసింది. కుండపెంకు కదా ఇది అనుకుంది. ఆ వాడ చివర దుబ్బయ్య తన పాత పెంకుటిల్లు కూలగొట్టి మేడ కడుతున్నాడు. గూనపెంకులు గుట్టగా పడి ఉన్నాయి. అడిగితే దుబ్బయ్య, “ఎత్తుకపో వదినె, నాకు జాగ ఖాళీ అయితది,” అన్నాడు.

ఆ దుమ్ము ఇంటికి రాకూడదని ఆమె అక్కడే కూర్చుంది. పెంకుల మీద తడిపిన గోనెసంచి కప్పి, సుత్తెతో కొట్టి, రేగుపండంత ముక్కలు, పెంకాసులు, చేసింది. ఆ పెంకాసుల అంచులు వేళ్లను కోస్తుంటే, చేతివేళ్లను కోసేవి మొక్క వేరును మాత్రం కొయ్యవా అని, వాటిని సంచిలో పోసి ఒకదానికొకటి రాసుకునేలా నేలమీద దొర్లించింది. ఇంటికి తెచ్చి, బియ్యం కడిగినట్టు నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగింది. ఇంటి వెనక జాగాలో మూడు రాళ్లు పెట్టి, పెళ్లిళ్లకు అన్నం వండే గంజులో పోసి ఉడకబెట్టింది. బూజు చావాలంటే ఉడకాల్సిందే కదా.

పోచవ్వ గోడ మీంచి తొంగిచూసింది. “ఏందే అమృతా, పెంకాసుల కూర ఒండుతున్నవా? మల్లయ్యకు పత్యమా?”

“ఔ అక్కా, పత్యమే,” అంది అమృతమ్మ గరిటె తిప్పుతూ.

వేళ్లు కడిగే పని అసలు పని. అది ఆమె ఇంటి వెనకే చేసింది. రాజమల్లయ్యను గడప దాటనివ్వలేదు, వంటింటి కిటికీ అద్దం మూసి దాని వెనక కుర్చీ వేసింది. మొదట ఆయన ఇదంతా నాకెందుకన్నట్టు కూర్చున్నాడు. ఆమె సింగోనియం మొక్కను కుండీలోంచి బలంగా లాగబోయేసరికి ఆగలేక అద్దం మీద ఒక్కటి కొట్టాడు. ఆమె ఆగి చూసింది. అలా కాదు, కుండీని పక్కకు వాల్చి తట్టు అని ఆయన చేతులతో చూపించాడు. ఆమె అలాగే చేసింది. మొక్క మెత్తగా జారి బయటికి వచ్చింది. ఆయన రెండుసార్లు కొట్టాడు. బస్సులో కండక్టరు గంట ఒకసారి కొడితే ఆగాలి, రెండుసార్లు కొడితే పోవాలి. ఉద్యోగమంతా ఆ చప్పుడుకు లోబడి బండి తోలిన మనిషి, ఇప్పుడు తానే కొడుతున్నాడు. పెళ్లాన్ని తన చెప్పుచేతల్లో నడపడం ఆయనకు జన్మలో అదే మొదటిసారి, అందుకని కాస్త అతిగానే కొట్టేవాడు.

చిక్కుపడ్డ దారాన్ని తెంపకుండా విడదీయడం అమృతమ్మకు తెలిసిన విద్యే. వేళ్ల మధ్య మట్టిని గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, సన్నటి పోగులను ఒక్కొక్కటిగా విడదీసి, మెత్తబడి కుళ్లినవాటిని కత్తిరించి, నీళ్లు మార్చి, మళ్లీ కడిగేది. అయినా మొదట్లో కొన్ని మొక్కలు పోయాయి. పీస్ లిల్లీకి ప్రేమకొద్దీ సీసా సగం దాకా నీళ్లు పోసింది, అది నిలువునా కుళ్లింది. తర్వాత ఆమెకు అర్థమైంది. మట్టిలో పెరిగిన పాత వేళ్లు నీళ్లలో బతకలేవు, గోధుమ రంగుకు తిరిగి రాలిపోతాయి. ఆ తర్వాత తెల్లటి కొత్త వేళ్లు వస్తాయి. అవి వచ్చేదాకా నీళ్లు అడుగున కొంచెమే ఉండాలి, మనిషి ఓపిక పట్టాలి. ఆకులు వడలిపోయినా చెయ్యి పెట్టి కెలకకూడదు.

మనీప్లాంటు దగ్గర మాత్రం ఆమెకు ధైర్యం చాలలేదు. మొదట కిటికీ దగ్గరికి వెళ్లి ఆయన్ని అడిగింది. “ఇది గిట్ల పోయిందంటే నన్ననద్దు. ఏం జెయ్యమంటవ్?”

ఆయన చాలాసేపు ఆ తీగవైపు చూశాడు. తర్వాత అద్దం మీద రెండుసార్లు కొట్టాడు.

దాని వేళ్లు కడగడానికి ఒక పూట పట్టింది. పచ్చళ్ల గాజుజాడీలో ఉడికిన పెంకాసులు పోసి దాన్ని నిలబెట్టింది. ఎండ తగిలితే గాజు లోపల పాచి పడుతుందని సింధుజ చెప్పడంతో, మిగిలిపోయిన ఫాల్ ముక్కలతో జాడీలకు తొడుగులు కుట్టింది. నీళ్లెంత ఉన్నాయో చూడాలంటే తొడుగు కొంచెం పైకెత్తి చూడాలి. మనీప్లాంటు ఆకులన్నీ పండి రాలాయి. మోడు తీగ మిగిలింది. వానాకాలం పోయి చలి మొదలయ్యే వేళకు, కణుపు దగ్గర మొలక కనబడింది. అది ఆకుగా విప్పుకొన్న రోజు రాజమల్లయ్య వంటింట్లోంచి, “అమృతా! జల్ది రా!” అని వేసిన కేకకు, ఆయనకేమైందోనని ఆమె పీకో మిషన్ మీదున్న చీరను అలాగే వదిలేసి పరుగెత్తింది.

డాక్టరు ఫొటోలు చూసి ఒప్పుకున్నాడు. హాల్లో కిటికీ దగ్గర, కొన్ని జాడీలు మాత్రమే. పడకగదిలో వద్దు. రాజమల్లయ్య మాస్కుతో దూరంగా కూర్చోవాలి, ముట్టుకోవద్దు. అలా మొక్కలు మళ్లీ ఇంట్లోకి వచ్చాయి. నేల మీద మట్టి చుక్క లేదు, దోమ లేదు. రాజమల్లయ్య పళ్లెంలో అన్నం మిగలడం తగ్గింది. గోలీల వేళ ఆయనే గుర్తుచేయడం మొదలుపెట్టాడు.

అప్పుడు అమృతమ్మ ఒక తప్పు చేసింది. సింగోనియం ఆకులు పాలిపోయినట్టు కనబడ్డాయి. ఏ ఆడమనిషైనా ఏం చేస్తుంది? పొద్దున బియ్యం కడిగిన నీళ్లు ఊరికే పారబోయకుండా మొక్కలకు పోస్తుంది. వాళ్లమ్మ పోసింది, అత్త పోసింది, మట్టికుండీలకు ఆమే ఎన్నో ఏళ్లు పోసింది. ఆ అలవాటు చొప్పున, ఆ చల్లని కడుగునే జాడీలన్నింటికీ పోసింది. మట్టి ఆ కడుగులోని గంజిని తినేస్తుంది కానీ పెంకాసులు తినలేవు. గంజి వాటి మధ్యే పులిసింది. తొడుగులు ఉండడం వల్ల ఆమెకు వెంటనే కనబడలేదు. ఒకరోజు పుల్లటి వాసన వచ్చి తొడుగు తీసి చూస్తే, పెంకాసుల మీద తెల్లటి బూజు దూదిలా కమ్ముకొని ఉంది.

ఆ సాయంత్రమే రాజమల్లయ్యకు జ్వరం వచ్చింది.

కిడ్నీ మార్చిన మనిషికి జ్వరమంటే మామూలు మాట కాదు, వెంటనే హైదరాబాదు చేరాలి. కారులో దారి పొడుగునా ఆమె ఆయన నుదుటి మీద చెయ్యి తియ్యలేదు. నేనే చంపుకున్నాను అనే మాట తప్ప ఆమెకు ఇంకో ఆలోచన రాలేదు. దవాఖానలో సింధుజ ఎదురుగానే డాక్టరుకు చెప్పేసింది.

“నేనే బియ్యం కడుగు పోసిన సారూ. బూజు వట్టింది. ఇంట్లనే, ఆయన కూసునే కాడ. తప్పు నాది. ముందుగాల గా సంగతి సూడుండ్రి.”

డాక్టరు ఛాతీ స్కాన్ తీయించాడు, రక్తం, మూత్రం పరీక్షలు చేయించాడు. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. మూత్రంలో ఇన్ఫెక్షన్ వల్ల వచ్చిన జ్వరమది, మందులకు తగ్గుతుంది. “బూజు వల్ల కాదమ్మా,” అన్నాడు. ఆమె చెంగు నోట్లో కుక్కుకొని అక్కడే గోడకానుకుంది. “కానీ మీరు చెప్పడం మంచిదైంది. ఈసారి కాలేదు కాబట్టి ఇంకోసారీ కాదని నేననను. నీళ్లు, మందు, అంతే. ఇంకేమీ పోయొద్దు.”

మంచం మీద నుంచి రాజమల్లయ్య అంతా విన్నాడు. ఆమె దగ్గరికి రాగానే, “పారెయ్ అమృతా, అన్ని పారెయ్. అవి నీ పానం తింటున్నయ్,” అన్నాడు.

ఆయన కోపంతో అనలేదు. మళ్లీ ఆ మిద్దె మీది గొంతుతోనే అన్నాడు. ఆమె దానికే భయపడింది.

“పారెయ్య,” అంది. “తప్పు జేసింది నేను, అవి గాదు. దిద్దుకుంట. నువ్వు మాత్రం ఆ గొంతు జెయ్యకు.”

జ్వరం తగ్గాక ఆయన్ని కొన్నాళ్లు సింధుజ దగ్గర ఉంచి, ఆమె ఒక్కతే సిద్దిపేట బస్సెక్కింది. జాడీలన్నీ వెనక జాగాలోకి మోసి కుమ్మరించింది. బూజు పట్టిన వేళ్లను కత్తిరించింది, బతకవనుకున్న మొక్కలను నిర్దయగా తీసేసింది. పెంకాసులను మళ్లీ రాళ్ల మీది గంజులోకి ఎక్కించింది, జాడీలను మరిగే నీళ్లతో కడిగింది. బియ్యం కడుగును ఆ రోజు నుంచి వాకిలి అవతల కరివేపాకు చెట్టుకు తప్ప దేనికీ పోయలేదు. వారం వారం ప్రతి జాడీనీ బయటికి తీసి పాత నీళ్లు పారబోసి, ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూసి, కొత్త నీళ్లు పోయడం నియమం చేసుకుంది. మొక్కలంటే గిట్టని మనిషి చేసిన పని ఇది! మొక్కల మీద ప్రేమ ఉన్నవాళ్లు ఎవరైనా చేస్తారు. ఇష్టం లేని పనిని, ఇంకొకరి ఇష్టంకోసం, ఒకసారి తప్పి కూడా, మొదటినుంచీ మళ్లీ చేయడానికి వేరే గుండె కావాలి. అది అమృతమ్మకు ఉంది.

రాజమల్లయ్య తిరిగి వచ్చేసరికి హాల్లో జాడీలు తక్కువే ఉన్నాయి, కానీ ఉన్నవన్నీ కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. మనీప్లాంటు మళ్లీ మోడుగానే ఉంది. ఆయన చూసింది దాన్ని కాదు. మిషన్ పక్కన చీరల మూటలో ఒక్క పట్టుచీర లేదు. అన్నీ నూలువి, పాలిస్టర్‌వి.

“పట్టుచీరలు ఇస్తలేరా?” అని అడిగాడు.

“ఇస్తున్రు. నేనే వద్దంటున్న,” అంది ఆమె వంటింట్లోకి పోతూ.

కిటికీ బయట నిలబడ్డ పోచవ్వ అసలు సంగతి చెప్పింది. “నీకు తెల్వదా మల్లన్నా? పెంకాసులు కొట్టి కొట్టి, ఆ నీళ్లల్ల చేతులు నాని నాని, ఆమె వేళ్లన్ని పగిలినయ్. పట్టుచీర ముట్టుకుంటే దారం లేస్తున్నదట. గా మొన్న ఒకల చీర పాడైతదని కుట్టకుంటనే వాపస్ ఇచ్చింది.”

అమృతమ్మ మజ్జిగ తెచ్చినప్పుడు రాజమల్లయ్య గ్లాసు అందుకోకుండా ఆమె చెయ్యి అందుకున్నాడు. అరచేయి తిప్పి చూశాడు. వేళ్ల చివర్లు గరుకు కాగితంలా ఉన్నాయి, పగుళ్లలో పెంకు ఎరుపు దిగి ఉంది. సిద్దిపేటలో పట్టు మీద కుట్టు కనబడకుండా కుట్టిన చేతులవి.

“మజ్జిగ తాగు,” అంది ఆమె చెయ్యి లాక్కుంటూ. “కొబ్బరినూనె రాస్తే తక్కువైతది.”

తక్కువ కావడానికి నూనెతో పాటు చాలా రోజులు పడతాయని ఇద్దరికీ తెలుసు. ఆయన ఆ రోజు పళ్లెంలో మెతుకు మిగల్చలేదు.

ఆ తర్వాత కొద్దిరోజులకు డిపోలో మెకానిక్‌గా చేసే నర్సింహ ఆయన్ని చూడ్డానికి వచ్చాడు. ఆ వేళకు అమృతమ్మ వంటింట్లో రొట్టెల పిండి పిసుకుతోంది. తలుపు తీసిన చప్పుడు వినబడింది, నర్సింహ గొంతు వినబడింది.

“అన్నా, నీకు మొక్కలంటే పానమని నర్సరీకి పోయి తెచ్చిన. ఎర్రాకుల అగ్లోనిమా. ఇగ పట్టు.”

కొత్త మొక్క, అదీ ఆయన ఎప్పుడూ పెంచని రంగు, నేరుగా చేతికే అందిస్తున్నాడు. అమృతమ్మ పిండి చేతులతోనే లేచి పరుగెత్తబోయింది. అంతలో రాజమల్లయ్య గొంతు గట్టిగా వినబడింది.

“ఆగు! ఆడనే ఆగు తమ్మీ, గడప దాటకు. దాంట్ల మన్నున్నది.”

“అయ్యో, గింత మన్నుకు ఏమైతదన్నా?”

అమృతమ్మ వంటింటి తలుపు దగ్గరే నిలబడిపోయింది. అడుగు ముందుకు పడలేదు.

“ఏమైతదో నీకు తెల్వదు, నాకు తెల్సు,” అన్నాడు రాజమల్లయ్య. “బయట అరుగు మీద పెట్టు. మా ఇంటామె కడిగి ఇస్తే లోపలికొస్తది, లేకుంటే లేదు. ఆమె చేతులు సూసినవా? సూస్తే నువ్వు గూడ మన్ను తేవు. గా చేతులు గట్లయినంక నేను ఊకె సచ్చిపోతే మంచిగుండదు తమ్మీ.” మళ్లీ మాట్లాడినప్పుడు గొంతు మామూలుగా ఉంది, డిపోలో నలుగురితో మాట్లాడే గొంతు. “గది గాదు. అసలు నాకే బతకబుద్ధైతుంది.”

నర్సింహ ఏదో అన్నాడు, ఇద్దరూ నవ్వారు. అమృతమ్మకు ఆ మాటలు వినబడలేదు. కిడ్నీలు పోయాయని తెలిసిన రోజు ఏడవని మనిషి, కారులో ఆ దారి పొడుగునా ఏడవని మనిషి, తలుపుకు వీపు ఆనించి కింద కూర్చొని, పిండి అంటిన చేతులు ఒళ్లో పెట్టుకొని, వెక్కి వెక్కి ఏడ్చింది.